ఇంట్లో ఎవరిస్తారు?

రాయగడ జిల్లా ఆసుపత్రిలో డయాలసిస్ గది బయట గోడ పొడుగునా ఒక బల్ల ఉంది. ఆ బల్ల మీద మగవాళ్లు కూర్చోగా లలితకుమారి చూడలేదు. మగవాళ్లు లోపల మంచాల మీద ఉంటారు. మందుల కోసమో కాగితాల కోసమో వెంట వచ్చిన కొడుకులూ తమ్ముళ్లూ ఉంటే, వాళ్లు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, ఫోను చూసుకుని, టీకని వెళ్లిపోతారు. బల్ల మీద కూర్చునేది ఆడవాళ్లు. ఒళ్లో సంచి, సంచిలో ఉప్పు లేని అన్నం, కొలిచి పోసిన నీళ్ల సీసా. లోపల రోగుల్లో ఒక ఆడమనిషి కూడా ఉంది, కల్యాణసింగ్‌పూర్ నుంచి వచ్చే టీచరమ్మ. ఆవిడ కోసం బల్ల మీద కూర్చున్నది ఆవిడ తల్లి.

అప్పుడప్పుడు వచ్చినట్టే ఆ రోజు కూడా లలిత తోడికోడలు పుణ్యవతికి తోడు వచ్చింది. పుణ్యవతి భర్త మన్మథరావు, లలితకు బావగారు, ఏడాదిగా వారానికి రెండుసార్లు గుణుపురం నుంచి బస్సులో వచ్చి రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తున్నాడు. ఇవాళ డాక్టరు ఏదో ముఖ్యమైన మాట చెబుతాడని, అది ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుందని, డిగ్రీ చదివిన మనిషి పక్కనుంటే మంచిదని అత్తగారు సుబ్బులమ్మ లలితను కూడా పంపించింది.

డాక్టరు మెల్లగా, ముగ్గురికీ అర్థమయ్యేలాగే చెప్పాడు. ఇలా ఎంతోకాలం నెట్టుకు రాలేరు, విశాఖపట్నం వెళ్లి కిడ్నీ మార్పించుకోవాలి. మన్మథరావుది ఓ గ్రూపు కాబట్టి ఇచ్చేవాళ్లదీ ఓ గ్రూపే అయితే మంచిది. తల్లి, భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వీళ్లలో ఎవరైనా ఇవ్వవచ్చు. ఇచ్చినవాళ్లు మూడు నెలలు బరువులు ఎత్తకూడదు, ఆ తర్వాత మామూలుగా బతకొచ్చు.

"ఇంట్లో ఎవరిస్తారు?" అన్నాడు, రాస్తున్న కాగితం మీద నుంచి తల ఎత్తకుండా.

లలిత నోటి దాకా ఒక పేరు వచ్చింది. వచ్చిందని తెలిసి ఆమె పెదవులు బిగించుకుంది. పక్కనున్న నర్సు శాంతిప్రియ అప్పటికే పుణ్యవతి వైపు చూస్తోంది. పుణ్యవతి కూడా ఎవరో తనను పిలిచినట్టు ఒక అడుగు ముందుకు వేసింది.

"నాదీ ఓ నే బాబూ," అంది. "మా పాప పుట్టినప్పుడు సెప్పేరు."

బయటికి వచ్చాక లలిత నర్సును అడిగింది, మగవాళ్లెవరూ ఇవ్వరా అని.

"ఇస్తారు దీదీ, ఇవ్వకేం?" శాంతిప్రియ చేతి తొడుగులు తీసి బుట్టలో వేసింది. "ముందు ఇంట్లో ఆడవాళ్లు అయిపోవాలి కదా."

ఆ మాట వెటకారంగా అనలేదు, విసుగ్గానూ అనలేదు. ఎండాకాలం కరెంటు పోతుందన్నట్టు అంది.

తిరుగు బస్సులో పుణ్యవతి కిడ్నీ ఊసెత్తలేదు. రెండో తీత పత్తి చేలో ఉండిపోయిందని, మంచుకు తడిసి రంగు మారితే కొనేవాడు పెదవి విరుస్తాడని, ప్రయాణం పెట్టుకునే లోపల అది ఇంటికి చేరిపోవాలని చెప్పింది. ముందు సీట్లో మన్మథరావు నిద్రపోతున్నాడు. సూదులు గుచ్చిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని నిద్రపోవడం అతనికి అలవాటయింది. లలిత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నోటి దాకా వచ్చి ఆగిన పేరు ఆమె భర్తది.

ఆ పేరు ఆమెకొక్కదానికే తట్టిందనుకోవడానికి లేదు. ఆ ఇంట్లో ఒక కథ ఉంది. పుణ్యవతికి సోని పుట్టినప్పుడు గుణుపురం ఆసుపత్రిలో రక్తస్రావం ఆగలేదు. ఓ గ్రూపు రక్తం దొరకలేదు. మన్మథరావు తమ్ముడు ప్రసాద్, అప్పటికింకా లలితతో పెళ్లి కాలేదు, చొక్కా చెయ్యి మడిచి మంచం మీద పడుకుని తన రక్తం ఇచ్చాడు. ఏటా సోని పుట్టినరోజు నాడు పాయసం తింటూ ఆ కథ అతనే చెప్పాలి. "సీసాడు రగతం ఇచ్చేసి, రెండు అరటిపళ్లు తినీసి, అప్పుటికప్పుడే సైకిలెక్కి పొలానికెల్లిపోనాను. డాక్టరు నోరు తెరిసీసేడు," అంటాడు. సైకిలెక్కలేదు, గుమ్మం దగ్గర కళ్లు తిరిగి పడ్డాడని మన్మథరావు సరిదిద్దుతాడు. "అందుకేనేటి, అప్పుట్నుంచీ నాకూ మా మరిది లాగ ముక్కు మీద కోపం," అని పుణ్యవతి అంటుంది. చివరికి సుబ్బులమ్మ, "మా ఇంట్లో అందరిదీ ఒకటే రగతం," అని ముగిస్తుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి లలిత ఆ కథను ఏటా వింటూనే ఉంది. ఎక్కడ ఎవరు నవ్వుతారో కూడా ఆమెకు తెలుసు.

ఆ రాత్రి అన్నాల ముందే నిర్ణయం అయిపోయింది. సుబ్బులమ్మ తమ్ముడు దాలయ్య వచ్చి కూర్చున్నాడు. ఇంటాయన పోయాక పెద్ద విషయాలన్నీ ఆయనే తేలుస్తాడు.

"అక్కా, నీకు సుగరుంది, నువ్వు పనికిరావు," అన్నాడు.

"బుల్లికి ఫోను సెయ్యమంతావేటి?" అంది సుబ్బులమ్మ. బుల్లి ఆ ఇంటి ఆడపడుచు.

"ఆడపిల్లకి మనం పెట్టాల గానీ ఆడపిల్ల కాడ తీసుకుంతామా? రేపు దాని అత్తోరు ఏటంతారు?"

ఇక ప్రసాద్. అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండానే దాలయ్య జవాబు మాత్రం చెప్పాడు. "మగోడు బరువులెత్తాల. మూడు నెల్లు ఎత్తకూడదంతే యవసాయం ఏటవుద్ది?"

ప్రసాద్ గోడకున్న ట్యూబులైటు వైపు చూశాడు.

"పెద్దకోడలు ఉంది గదా," అని సుబ్బులమ్మ పుణ్యవతి వైపు తిరిగింది. "నీ పసుపుకుంకాలు నువ్వే నిలబెట్టుకుంతన్నావు తల్లీ."

పుణ్యవతి తల ఊపి వంటింట్లోకి వెళ్లింది. లలితకు ఆ మాట చెవిలో ఉండిపోయింది. చెల్లెలు ఇస్తే తీసుకోవడం, తమ్ముడు ఇస్తే త్యాగం. భార్య ఇస్తే అది ఆమె సొంత పని, సొంత లాభం. అలాంటప్పుడు ఆమెకు ఎవరూ ఏమీ బాకీ పడరు.

అయినా లలిత నోరు విప్పలేదు. విప్పకపోవడానికి కారణం ఆమెకు బాగా తెలుసు. ఆ పేరు ఎవరూ ఎత్తకుండా ఉంటే ఆమె భర్త రెండు కిడ్నీలతో ఇంట్లో ఉంటాడు. ట్యూబులైటు వైపు చూస్తున్న అతని మీద ఆమెకు కోపం రావలసింది. వచ్చింది తేలికైన ఊపిరి. ఆ ఊపిరిని ఎవరైనా చూశారేమోనని ఆమె కంచాలు సర్దసాగింది.

మన్మథరావు కంచం ఆమె అరుగు మీద పెట్టి తలుపు వెనక్కి తప్పుకుంది. ఆ ఇంట్లో చిన్నకోడలు బావగారికి ఎదురు పడకూడదు, ఎదురు మాట్లాడకూడదు, ఆయన తువ్వాలు కూడా చేత్తో అందించకూడదు. చుట్టూ ఉన్న ఒడియా ఇళ్ల పద్ధతి అది, తరాలుగా పక్కపక్కన బతికి ఈ ఇంటికీ అంటుకుంది. ఆయనకేదైనా చెప్పాలంటే గోడతోనో సోనితోనో చెప్పాలి. "సోనీ, తాగడానికి ఇవాళ్టికి నీళ్లు ఇంక ఒక్క గ్లాసే అని మీ నాన్నకి చెప్పు," అంటుంది లలిత. నాన్న పక్కనే ఉంటాడు, వింటాడు, "సరే అని మీ పిన్నికి సెప్పమ్మా," అంటాడు. ఇద్దరి మధ్యా నిలబడి సోని కళ్లు తిప్పుతుంది.

సోని పుట్టినరోజు ఆ వారంలోనే వచ్చింది. పాయసం వండారు. మన్మథరావుకు పాలూ బెల్లమూ లెక్క చూసి రెండు చెంచాలు పెట్టారు. అందరూ తిన్నారు. కథ చెప్పవలసిన చోటు వచ్చింది, గిన్నెల్లో చెంచాల చప్పుడు మాత్రమే వినిపించింది.

"సిన్నాన్నా," అంది సోని, "ఈయేడు రగతం కత సెప్పవేటి?"

ప్రసాద్ గిన్నె కింద పెట్టాడు. "ఎడ్లకి గడ్డెయ్యనేదు," అని లేచాడు. ఎడ్ల ముందు గడ్డి మోకాలెత్తున ఉంది. సుబ్బులమ్మ మనవరాలి జడ సరిచేస్తూ, "కతలకేటి తొందర, తిను," అంది. పుణ్యవతి ఎవరి వైపూ చూడలేదు. గిన్నె అంచుకు అంటిన పాయసాన్ని వేలితో తీసి నాకింది.

విశాఖపట్నం వెళ్లే ముందు రోజు దాకా పుణ్యవతి పత్తి తీసింది. పాత చీరను నడుముకు ఒడిలా కట్టుకుని, రెండు చేతులా రెండు కాయలు ఒకేసారి లాగేస్తుంది. లలితకు అది రాదు. ఎండిన కాయ మొనలు గోళ్ల సందున గుచ్చుకుంటాయి, పత్తితో పాటు ఎండుటాకు ముక్కలు వస్తాయి, వాటిని ఏరుతూ వెనకబడిపోతుంది. ఒడి నిండాక గట్టు మీద దుప్పటి పరిచి గుమ్మరించి, తొక్కి, మూట కట్టాలి. మూటను ఒక్కరే నెత్తికెత్తుకోలేరు, ఎదుట ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఎప్పుడూ పుణ్యవతే ముందు లలితకు చెయ్యి వేసి, తర్వాత తనది తాను మోకాలి మీదికి, మోకాలి మీద నుంచి భుజానికి, భుజం మీద నుంచి నెత్తికి ఎక్కించుకుంటుంది. లలిత అప్పుడు తన నెత్తి మీది మూటతో, చూడడం తప్ప ఏమీ చేయలేదు. ప్రసాద్ ట్రాక్టరు రోడ్డు పక్కనే ఆగుతుంది. చేలోంచి రోడ్డు దాకా మూటలు ఆడవాళ్ల నెత్తి మీద వస్తాయి.

బయల్దేరిన తెల్లవారు కూడా పుణ్యవతి కుడితి బాల్చీలు రెండూ వంటింటి నుంచి ఎడ్ల సావిడికి మోసింది. ఆ తర్వాతే చీర మార్చుకుని, భర్త మందుల సంచి పట్టుకుని, దాలయ్యతో పాటు పాసింజరు రైలు ఎక్కడానికి వెళ్లింది. పరీక్షలకు కొన్నాళ్లు పడుతుందన్నారు.

ఆమె వెళ్లిన మర్నాడు పొద్దున్నే లలిత కుడితి బాల్చీ ఎత్తింది. ఎత్తి నాలుగడుగులకే దించింది. దాని ఇనుప పిడి వేళ్లను కోసేసింది. ఇన్నాళ్లూ ఆమె వంటా, బజారూ, సోని చదువూ, బ్యాంకు పనీ చూసుకుంది. బరువు పుణ్యవతి వైపు ఉంది. ఇంత అని ఆమె అనుకోలేదు. నీళ్ల బిందెలు, వడ్ల బస్తా మూల నుంచి మూలకు జరపడం, అత్తగారి మంచం ఎండలోకి లాగడం, మళ్లీ నీడలోకి లాగడం, పత్తి మూటలు. మగవాడు బరువులెత్తాలని దాలయ్య అన్న మాట ఆమెకు రోజులో చాలాసార్లు గుర్తొచ్చింది. ప్రసాద్ పనిలేనివాడు కాదు. మందు కొడతాడు, ట్రాక్టరు తోలతాడు, బజారులో పత్తి అమ్మి వస్తాడు. అతను ఎత్తే బరువులు కూడా ఉన్నాయి. కాకపోతే వాటిని ఎత్తినప్పుడు అందరికీ కనిపిస్తుంది.

మూడో రోజు సాయంత్రం చేలో మూట కట్టుకుని లలిత ఎత్తేవాళ్ల కోసం చూసింది. కూలీలు ముందే వెళ్లిపోయారు. ప్రసాద్ ట్రాక్టరు దిగి గట్టు మీదుగా వచ్చాడు. ఎదుట నిలబడి మూటకు చెయ్యి వేశాడు. నెత్తికి ఎత్తకుండా అలాగే పట్టుకుని ఆగాడు.

"ఇంత బరువేటి ఇది?"

"రోజూ ఇంతే."

అతను మూటను మళ్లీ నేల మీద పెట్టి దాని మీద కూర్చున్నాడు. వంశధార వైపు నుంచి చలిగాలి వస్తోంది. చేతికి అంటిన పత్తి పోగులు పీకుతూ, "ఏటలగ సూస్తన్నావు నాలుగు రోజుల్నుంచీ?" అన్నాడు.

"నేనేం చూడలేదు."

"నన్నెవులూ అడగనేదు గదా."

"అడిగితే?"

"అడిగినప్పుడు సూద్దుం." అతనే మళ్లీ అన్నాడు. "రగతమైతే ఇస్తే మళ్లీ ఊరుద్ది. ఇది ఊరదు లలితా." గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. అతను దాక్కుంటున్నాడని ఆమె అనుకుంది, భయపడుతున్నాడని అనుకోలేదు. ఇప్పుడు రెండూ ఒకటేనని తెలిసింది.

"నీకు మాత్రం నన్ను పంపాలనుందేటి?" అన్నాడు.

లలిత వంగి మూట ముడి మళ్లీ బిగించింది. అతను లేచి చెయ్యి వేశాడు. మూట ఆమె నెత్తి మీదికే వచ్చింది. అతను వెనక నడిచాడు.

విశాఖపట్నం వెళ్లినవాళ్లు ఆ రోజే దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చారు. మన్మథరావు అరుగు మీద చాప మీద చేరగిలబడ్డాడు. దాలయ్య కుర్చీ లాక్కున్నాడు. పుణ్యవతి బావి దగ్గరకు వెళ్లి కాళ్లు కడుక్కుంటోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. దాలయ్యే చెప్పాడు.

"కుదర్నేదు. పెద్దకోడలికి ఒక కిడ్నీ పుట్టుకతోటే సిన్నదంట. ఉన్నది ఒకటే గట్టిదంట, అది తీయరాదన్నారు."

సుబ్బులమ్మ నుదురు కొట్టుకుంది. "దానికీ లోపమేనేటి, నా కర్మ! ఇప్పుడు నా కొడుకు గతేటి?"

లలిత వంటింటి గుమ్మంలో నిలబడి బావి వైపు చూసింది. చిన్న కిడ్నీతో పుట్టిన మనిషి మొన్న బాల్చీలు మోసి వెళ్లింది. ఇప్పుడు నీరసం ఎలా ఉందనో, తిన్నావా అనో ఎవరైనా అడుగుతారని ఆమె చూసింది. తనే అడగొచ్చని ఆమెకు తట్టేలోపు దాలయ్య గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ అడిగేరు, తమ్ముళ్లున్నారా అనీసి. ఉన్నాడు గానీ యవసాయమంతా వాడి మీదే ఉందన్నాను. ఇంకెవులైనా ఇష్టపడి ఇస్తే కమిటీ ముందు సెప్పాల, వాళ్లు ఒప్పుకుంతే సేస్తామన్నారు." ఆయన గుమ్మం వైపు చూడకుండా అన్నాడు. "మన సిన్నకోడలిదీ ఓ నే గదా. ఆ యేడు జొరమొచ్చినప్పుడు సూసేరు."

సుబ్బులమ్మ ఆ దారి ముందే తెలిసినట్టు అందుకుంది. "ఒక్క పొయ్యి మీద తింతన్నం. పెద్దకోడలేటి, సిన్నకోడలేటి? సదువుకున్నది, కమిటీ ముందు సక్కగా మాటాడగల్దు."

లలిత ప్రసాద్ వైపు చూసింది. అతను సావిడి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. ఆమె ఎదురు చూసింది. అతను గోరు కొరికి, ఆ గోరు ముక్క ఎక్కడ పడిందో వెతుకుతున్నట్టు నేల వైపు చూశాడు. ఆడవాళ్లు అయిపోవాలి కదా అన్న నర్సు మాట ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థమయింది. ఆ వరసలో తన పేరు కూడా ఉందని ఆసుపత్రిలో ఆమె అనుకోలేదు. తను చివర నిలబడి చూస్తున్నదాన్నని అనుకుంది.

ఆమె గుమ్మం దాటింది. అరుగు దగ్గరకు వచ్చి, బావగారి చాపకు ఎదురుగా నిలబడింది. కొంగు సర్దుకుంది గానీ తల దించలేదు.

"బావా," అంది.

మన్మథరావు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. పెళ్లయి వచ్చాక ఆమె ఆయన్ని పిలవడం అదే మొదలు.

"సోని పుట్టినప్పుడు అక్కకి రక్తం ఇచ్చిందెవరు బావా?"

"ఏటమ్మీ!" సుబ్బులమ్మ మంచం మీద నుంచి దిగిపోయింది. "బావతోటి ఎదురు మాటా? సిగ్గూ సెరమూ లేదేటి?"

"బావ పక్క మంచం మీద పడుకుని కిడ్నీ ఇవ్వొచ్చు గానీ మాట్లాడకూడదా అత్తా?" అంది లలిత.

దాలయ్య కుర్చీలో వెనక్కి జరిగాడు. మన్మథరావు చేతిలో నీళ్ల గ్లాసు ఉంది, ఆ పూటకు అదే ఆఖరిది. దాన్ని పక్కన పెట్టాడు. సోని వైపు తిరగలేదు, గోడ వైపు తిరగలేదు. నేరుగా ఆమెతోనే అన్నాడు.

"తమ్ముడమ్మా. మా తమ్ముడే ఇచ్చేడు."

"అదెప్పుటి మాటో గదా..." అన్నాడు దాలయ్య.

"నాకు గురుతుంది మావా. ఏ రోజూ మర్సిపోనేదు." మన్మథరావు గ్లాసు అంచు మీద వేలు తిప్పుతున్నాడు. "నానడిగితే వాడు కాదన్లేడు. అలగ అడిగి తీసుకోకూడదని నోరెత్తనేదు."

బావి దగ్గర చెంబు చప్పుడు ఆగింది. పుణ్యవతి తడికాళ్లతో వచ్చి అరుగు కింద నిలబడింది.

"నన్నూ ఎవులూ అడగనేదు," అంది.

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది. మన్మథరావు ఆమె వైపు చూసి, చూపు దించేసుకున్నాడు. "నిజమే," అన్నాడు. "అడగనేదు."

ప్రసాద్ స్తంభం వదిలి వచ్చాడు. వాళ్లన్న చాప అంచున గొంతుక్కూర్చున్నాడు. "రేపు పాసింజరుకి ఎల్తాను," అన్నాడు. "ఏటి సూస్తారో సూడనీండి. ఎవులూ మాటాడకండి ఇంక." కోపంగా అన్నాడు. అతని చేతులు రెండూ మోకాళ్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మన్మథరావు సూదుల మచ్చలున్న చెయ్యి చాచి తమ్ముడి వీపు మీద వేశాడు.

వంటింట్లో పుణ్యవతి చింతపండు నానబెడుతోంది. లలిత పక్కన నిలబడి ఉల్లిపాయ తొక్క తీసింది.

"ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు నీ నోట్లో ఆడింది ప్రసాదు పేరు," అంది పుణ్యవతి, గిన్నెలోంచి తల ఎత్తకుండా. "నాను సూసేను."

"అక్కా..."

"నీ వంతొచ్చినాక బయటికొచ్చింది. అంతే గదా అమ్మీ?"

లలిత కళ్లు మండాయి. ఉల్లిపాయ వల్లనే అనుకోవడానికి ఎదుటి మనిషి వీలు ఇచ్చింది. చింతపండు పిసికి, పిప్పి తీసి అవతల వేసి, "నీ జాగాలో నానున్నా అదే సేద్దునేమో," అంది పుణ్యవతి. "నానూ నోరు మూసుకునే ఉన్నాను గదా. పప్పులోకి ఉప్పు మీ బావకి వేరేగా తియ్యి."

తెల్లవారేసరికి మంచు దట్టంగా ఉంది. ప్రసాద్ స్నానం చేసి ఇస్త్రీ ప్యాంటూ కొత్త చొక్కా వేసుకున్నాడు. పాసింజరుకు ఇంకా వేళ ఉంది. లలిత వెంట వెళ్తోంది, సంచీలో అతని లుంగీ, తువ్వాలు, రెండు అరటిపళ్లు పెట్టింది. అరటిపళ్లు చూసి అతను కొంచెం నవ్వాడు.

ఏం తోచకనో, నిన్న సాయంత్రం చేలో చూసిన మూట బరువు గుర్తొచ్చో, అతను వంటింటి వెనక్కి వెళ్లి కుడితి బాల్చీ అందుకున్నాడు. సగం ఎత్తాడో లేదో సుబ్బులమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఒరే ఒరే, దించు! నువ్వెత్తకు నాయినా! బరువులెత్తకూడదని డాక్టరు సెప్పేడు కాదేటి?"

"ఇంకా పరీచ్చే అవ్వనేదు కదే అమ్మా."

"అవ్వకపోతే? ఏటైనా అయితే?" ఆమె బాల్చీ పిడిని అతని చేతిలోంచి లాగేసుకుంది. ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. పుణ్యవతి అప్పుడే ముఖం కడుక్కుని పెరట్లోకి వస్తోంది. "ఇదుగో పెద్దమ్మీ, పట్టు."

పుణ్యవతి అలవాటుగా చెయ్యి చాచింది.

లలిత మధ్యలోకి వచ్చి అత్తగారి చేతిలోంచి బాల్చీ తీసుకుంది. వేళ్లను కోసే ఆ పిడి ఇప్పుడు ఆమెకు తెలుసు. తీసుకుని, రెండడుగులు వేసి, ప్రసాద్ చేతిలో మళ్లీ పెట్టింది.

"అక్క విశాఖపట్నం బయల్దేరిన పొద్దున కూడా ఇదే బాల్చీ మోసి వెళ్లింది అత్తా," అంది. "ఎత్తకూడని మూడు నెలలు వచ్చినప్పుడు నేను మోస్తాను. ఇప్పుడు మాత్రం ఆయనే ఎత్తాలి."

సుబ్బులమ్మ ఇద్దరి వైపూ చూసింది. పెద్దకోడలి వైపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

ప్రసాద్ బాల్చీ ఎత్తి సావిడి వైపు నడిచాడు. అలవాటు లేని నడక, కుడితి తొణికి ఇస్త్రీ ప్యాంటు మీద పడింది. అతను తిట్టుకుంటూ ఆగి, చెయ్యి మార్చుకుని మళ్లీ నడిచాడు. పుణ్యవతి అది చూస్తూ పెరటి అరుగు మీద కూర్చుంది. పొద్దున్న పని వేళ ఆమె కూర్చోగా లలిత అంతకుముందు చూడలేదు.

"రెండో బాల్చీ కూడా ఉంది ప్రసాదూ," అంది పుణ్యవతి.